తమ్ముడు బాగున్న ఈ రోజుల్లోనే మాట్లాడుకోండి

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమెకి నలభై దాటాయి. తమ్ముడికి ముప్పై నాలుగేళ్లు. చించినాడ వంతెన అవతల రాజోలు వైపు పల్లెలో తల్లితో ఉంటాడు. నాలుగెకరాల రొయ్యల చెరువు, కొంచెం కొబ్బరితోట ఉన్నాయి. ఇరవై నాలుగో ఏట మొదటిసారి జబ్బు బయటపడితే, కాకినాడలో డాక్టరుగారు బైపోలార్ (మనసు ఒకసారి మితిమీరి హుషారెక్కి, ఒకసారి బాగా కుంగిపోయే జబ్బు) అని చెప్పి, దాన్ని అదుపులో ఉంచే లిథియం మాత్రలు మొదలుపెట్టారు. ఈ పదేళ్లలో మూడుసార్లు మేనియా (ఆ మితిమీరిన హుషారు), రెండుసార్లు డిప్రెషన్ (కుంగుబాటు) వచ్చాయి. కిందటి సంక్రాంతికి నిద్రాహారాలు మాని కోడిపందేల బరుల చుట్టూ తిరిగి లక్షలు పోగొట్టాడు. కనుమ నాడు పక్కూరాయన చెరువులు ఆరెకరాలు లీజుకి తీసుకుంటానని అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. చివరికి బాబాయి కొడుకులు తాళ్లతో కట్టి ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఆ అవమానం అతను ఇప్పటికీ మర్చిపోలేదు. వేసవంతా మంచం దిగలేదు. మరదలు ఆరేళ్ల పాపని తీసుకుని నరసాపురంలో పుట్టింటికి వెళ్లిపోయింది.

దసరా నుంచి మనిషి బాగానే ఉన్నాడు. కానీ చేతులు వణుకుతున్నాయని, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పట్టుకుంటే కూలీలు చూసి నవ్వుకుంటున్నారని రెండు వారాల క్రితం మాత్రలు మానేశాడు. తల్లి అతనికి తెలియకుండా మాత్ర నూరి పెరుగన్నంలో కలిపి పెడుతోంది. "ఇలా కలపడం తప్పా? సంక్రాంతి వచ్చేస్తోంది, ఎలా ఆపాలి? భూమి అమ్మ పేర రాయించేయమంటున్నారు బంధువులు, రాయించాలా? మరదల్ని తీసుకురమ్మని అమ్మ నన్ను పంపుతోంది, వెళ్లనా? జబ్బు మళ్లీ తిరగబెడితే కట్టేయడం తప్ప దారే లేదా?" అని అడుగుతున్నారు ఆ అక్క.

సమాధానం:

మీరు అడిగినవాటిలో ఇవాళే తేల్చాల్సింది పెరుగన్నం సంగతి. అమ్మ ప్రేమతోనే చేస్తున్నారు, కొడుకు మళ్లీ అలా అయిపోతాడన్న భయంతో చేస్తున్నారు. అయినా ఆపించండి. మన దగ్గర లిథియం ఎక్కువగా 300 మిల్లీగ్రాముల మామూలు మాత్రగానూ, 400 మిల్లీగ్రాముల ఎస్.ఆర్. మాత్రగానూ దొరుకుతుంది. ఎస్.ఆర్. అంటే కడుపులో నెమ్మదిగా కరిగే మాత్ర. దాన్ని నూరితే గంటల తరబడి దిగాల్సిన మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. పైగా అతను ఏ రోజైనా మనసు మార్చుకుని తనంతట తనే మాత్ర వేసుకుంటే, అమ్మ కలిపింది కూడా చేరి డోసు రెట్టింపవుతుంది. లిథియంలో పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. వాంతులు, విరేచనాలు, చేయి పెద్దగా ఊగిపోవడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, మగతగా పడుండటం కనిపిస్తే అది లిథియం ఎక్కువైన లక్షణం. ఆ పూట మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి, లిథియం వాడుతున్నాడని ముందే చెప్పాలి.

ఆపడం సరే, అతనికి చెప్పాలా వద్దా? చెప్పకుండా ఊరుకుంటే ఇంట్లో ఇవాళ్టికి గొడవ ఉండదు. కానీ ఈ రెండు వారాల్లో ఒంట్లోకి ఎంత మందు వెళ్లిందో తెలియకుండా డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు చదవలేరు. తర్వాతెప్పుడో బయటపడితే, అదీ మేనియా మొదలవుతున్న రోజుల్లో బయటపడితే, తల్లి పెట్టే అన్నం మీదే అనుమానం పుడుతుంది. ఆ అనుమానం తీర్చడం చాలా కష్టం. చెప్పేయడమే మేలని నా అభిప్రాయం. మీరు పక్కన ఉండగా అమ్మ చేత చెప్పించండి: "భయంతో చేశాను నాన్నా, ఇంక చేయను." కోప్పడితే పడనివ్వండి. సమర్థించుకోవద్దు. అదే రోజు డాక్టరుగారికి ఫోన్ చేసి, మాత్రలు మానేసిన సంగతి, ఇంట్లో కలిపిన సంగతి రెండూ చెప్పి, ఈ వారంలోనే చూపించండి. లిథియం ఉన్నట్టుండి మానేస్తే తర్వాతి కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. నిజంగా మానాల్సి వచ్చినా కనీసం నాలుగు వారాలపాటు, వీలైతే మూడు నెలలు తీసుకుని డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఎంతతో మొదలుపెట్టాలో కూడా ఆయనే చెప్పాలి. మానేసిన రోజుల మాత్రలన్నీ కలిపి వేయడం అసలు చేయకూడదు.

ఇక చేతుల వణుకు. మీ ఇంట్లో దాన్ని అందరూ సాకు అనుకుంటున్నట్టుంది. అది సాకు కాదు. లిథియంతో సన్నగా చేతులు వణకడం మామూలే. రోజూ పదిమంది ముందు చెక్‌ట్రే ఎత్తి చూడాల్సిన మనిషికి అది చిన్న కష్టమేమీ కాదు. డాక్టరు దగ్గర దీనికి మూడు నాలుగు దారులుంటాయి. రక్తంలో మందు పాళ్లు చూసి డోసు తగ్గించవచ్చు, మాత్ర రకం మార్చవచ్చు, ఉబ్బసం లాంటివి లేకపోతే వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ చేర్చవచ్చు, ఏదీ కుదరకపోతే లిథియం బదులు వేరే మందుకి మెల్లగా మార్చవచ్చు. థైరాయిడ్ తేడా వల్ల కూడా వణుకు వస్తుంది, అదీ చూస్తారు. "మాత్ర వేసుకుంటావా లేదా" అనే బదులు "ఈ వణుకు తగ్గించమని అడుగుదాం పద" అంటే అతను మీతో డాక్టరు దగ్గరికి వస్తాడు.

ఆ రక్తపరీక్ష ఎప్పుడు చేయించారన్నది ముఖ్యం. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, ఉదయం మాత్ర ఇంకా వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకుని వెళ్లి ఇస్తే లెక్క తప్పుతుంది. లిథియం పాళ్లు మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. డోసు మార్చిన ప్రతిసారీ ఐదు నుంచి ఏడు రోజులకి, కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకోసారి ఈ పరీక్ష చేయించాలి. ఆరునెలలకోసారి టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), కాల్షియం కూడా చూడాలి.

చెరువు గట్టు మీద పనిచేసేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. ఎండాకాలం ఒళ్లంతా చెమటపట్టి, నీళ్లు సరిగా తాగకపోతే ఒంట్లో లిథియం పేరుకుంటుంది. బీపీ భయంతో ఉప్పు బాగా తగ్గించినా అంతే. ఒళ్లునొప్పులని ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్తే ముందు ఇచ్చేది డైక్లోఫెనాక్ సూదే. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పిమందులు, కొన్ని బీపీ మాత్రలు రక్తంలో లిథియాన్ని పెంచేస్తాయి. పారాసిటమాల్ ఫరవాలేదు. "నేను లిథియం వాడుతున్నాను, నొప్పికి పారాసిటమాల్ మాత్రమే" అని ఒక చీటీ రాసి అతని ఫోన్ కవర్లో పెట్టించండి.

ఇప్పుడు సంక్రాంతి సంగతి. మీరు ఎలా ఆపాలి అని అడిగారు. నేనైతే ముందు అతని నిద్ర సంగతి అడుగుతాను. కిందటేడు పందేల కన్నా ముందే అతని నిద్ర చెడింది. కరెంటు పోతే జనరేటర్ వేయాలని, తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా గట్టు మీదే ఉన్నాడని మీరే రాశారు. బైపోలార్ ఉన్నవాళ్లకి వరసగా కొన్ని రాత్రులు నిద్ర చెడితే మేనియా లేవడానికి అదే చాలు. మేనియా లేస్తే నిద్ర అక్కర్లేదనిపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. దానికి భోగి తెల్లవారుజాము మంటలు, మూడు రోజులు రాత్రింబవళ్లు ఫ్లడ్‌లైట్ల కింద బరులు, మద్యం, చేతిలో పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మిన) డబ్బు తోడైతే ఏమవుతుందో మీరు చూశారు.

కాబట్టి చెరువు కాపలా ఏర్పాటు మార్చాలి. రాత్రి కాపలాకి జీతం మీద మనిషిని పెడితే ఖర్చవుతుంది, కానీ అతని వ్యవసాయం అతని చేతుల్లోనే ఉంటుంది. ఉదయం మేత, చెక్‌ట్రేలు, నీటి పరీక్షలు అతనివి, రాత్రి తొమ్మిది తర్వాత గట్టు అతనిది కాదు. పట్టుబడి రాత్రి మాత్రం మేలుకోక తప్పదు. ఆ రాత్రికి, మర్నాటికి ఏం చేయాలో డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి. రెండో దారి ఒక పంటకాలానికి చెరువుని లీజుకి ఇచ్చేయడం. డబ్బు ఒత్తిడి, నిద్ర ఒత్తిడి రెండూ తగ్గుతాయి. కానీ పనిలేక ఇంట్లో కూర్చున్న మనిషికి డిప్రెషన్ త్వరగా పట్టుకుంటుంది. కిందటి వేసవి చూస్తే నాకు ఈ దారి మీద అంత నమ్మకం లేదు. ఏది ఎంచుకున్నా అతనితో కూర్చునే తేల్చుకోండి.

పండగ మూడు రోజులకీ దారులు అలాగే ఉన్నాయి. ఇంట్లో కూర్చోబెట్టి కాపలా కాస్తే అతను గోడ దూకైనా వెళ్తాడు, కాపలా కాసినవాళ్లు శత్రువులవుతారు. మీ ఇంటికి పిలిస్తే పాలకొల్లు చుట్టుపక్కల కూడా బరులే. పండగకి ముందే ఎక్కడికైనా ప్రయాణం పెట్టుకోవచ్చు, ప్రయాణంలోనూ నిద్ర చెడకుండా చూసుకుంటే ఇది మంచిదే. లేదంటే పగలు బావమరిదితోనో మీ ఆయనతోనో కాసేపు వెళ్లి, పరిమితంగా డబ్బు పట్టుకుని, చీకటి పడేసరికి ఇంటికి రావడమని ముందే ఒప్పుకోవచ్చు. మద్యం మాత్రం వద్దు, అది నిద్రనీ చెడగొడుతుంది, మందులనీ చెడగొడుతుంది. అమ్మగారు అంతర్వేది నరసింహస్వామి గుడి దగ్గర ఒక రాత్రి నిద్ర చేయిస్తానని మొక్కుకున్నారన్నారు. తప్పకుండా తీసుకెళ్లండి, మాత్రల డబ్బా సంచిలో ఉంచండి. స్వామి దర్శనానికీ మందుకీ ఏ పోటీ లేదు.

ఈ ఒప్పందాలన్నీ నోటిమాటగా వదిలేయకండి. రొయ్య నీటిపైకి తేలాక, నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్ వేసి లాభం లేదని మీ తమ్ముడికి ఎవరూ చెప్పక్కర్లేదు. తన జబ్బు విషయంలోనూ ముందే ఏర్పాటు చేసుకోవాలని అతనితోనే అనండి, ఆ మాట అతనికి అందుతుంది. ఒక కాగితం తీసుకుని అతని చేతే, అతని మాటల్లోనే రాయించండి. నాకు ఎక్కువవుతుంటే మొదట ఏం కనిపిస్తుంది? కొందరికి నిద్ర తగ్గినా అలసట రాదు. కొందరు అర్ధరాత్రి పాత స్నేహితులకి ఫోన్లు చేస్తారు. కొందరు కొట్లో అందరికీ తామే డబ్బులిచ్చేస్తారు. కిందటి మూడుసార్లు అతనిలో ముందు కనిపించినవేంటో మీరంతా గుర్తుచేసుకుని మూడు నాలుగు రాయండి. గోడ క్యాలెండర్లో ప్రతి రోజు గడిలో పడుకున్న గంటలు తనే వేసుకోవాలి. వరసగా రెండు రాత్రులు ఐదు గంటలకన్నా తగ్గితే డాక్టరుకి ఫోన్. ఆ ఫోన్ వచ్చినప్పుడు ఏ మాత్ర ఎంత, ఎన్ని రాత్రులు పెంచాలో డాక్టరుగారి చేత ముందే చీటీ మీద రాయించుకోండి. చాలాసార్లు తిరగబెట్టడం అక్కడే ఆగిపోతుంది.

ఆ కాగితం రెండో వైపు ఇంట్లోవాళ్లు చేయనివి రాయాలి. అన్నంలో కలపం. తాళ్లు వాడం. కూలీల ముందు జబ్బు మాట ఎత్తం. ఇంకొకటి, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది: అతను గట్టిగా నవ్వితే, కొత్త చొక్కా కొంటే, ఎవరిమీదైనా న్యాయంగానే కోప్పడితే "మాత్ర వేసుకున్నావా?" అని అడగం. ప్రతి సంతోషాన్నీ జబ్బుగా చూస్తే ఆ మనిషికి ఇంట్లో బాగుండే హక్కే లేకుండా పోతుంది. మాత్ర మానేసేవాళ్లలో చాలామంది తమ మీద ఈ నిఘా తప్పించుకోవడానికే మానేస్తారు. నవ్వుని కాదు, క్యాలెండర్లో గంటలని చూడండి.

డబ్బు విషయానికొస్తే, భూమిని అమ్మ పేర దానసెటిల్‌మెంట్ రాయించడం తేలిగ్గా వెనక్కి తీసుకోలేని పని. అతను కుదురుగా ఉండి, ఇష్టపడి రాస్తే చెల్లుతుంది. జబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు రాయిస్తే రేపు ఎవరైనా కొట్టేయించవచ్చు. పిత్రార్జితమైతే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతుళ్లకీ పుట్టుకతోనే హక్కుంది, అంటే పాపకీ, మీకూ. పాపకి ఏమీ మిగలకుండా చేశారని మరదలు అనుకునే అవకాశం కూడా ఉంది. లాయరుతో మాట్లాడకుండా అడుగు వేయకండి. అంతదూరం వెళ్లకుండానే చేయగలిగినవి ఉన్నాయి. పట్టుబడి డబ్బు ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలోకి వెళ్లాలి. ఫోన్‌లో యూపీఐకి కలిపిన ఖాతాలో నెల ఖర్చులకి సరిపడా మాత్రమే ఉండాలి. పట్టాదారు పాస్‌బుక్కు, అసలు దస్తావేజులు బ్యాంకు లాకర్లో ఉండాలి. పెద్ద కొనుగోలు, లీజు, అప్పు ఏదైనా రెండు రోజులు ఆగి, ఇద్దరితో చెప్పాకే. మేత డీలరుకి జబ్బు సంగతి చెప్పక్కర్లేదు, "పెద్ద మొత్తాలు అక్కతో మాట్లాడాకే" అని తమ్ముడే చెబితే చాలు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

కిందటేడు ఇచ్చిన లీజు అడ్వాన్సు ఇంకా రాలేదన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మామూలుగా బాగుండి అప్పుడప్పుడు మతి స్థిమితం తప్పే మనిషి ఆ తప్పిన సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఆ రోజు అలా ఉన్నాడని రుజువు చేయాల్సింది మీరే. కనుమ తర్వాత ఆసుపత్రిలో చేర్చిన కాగితాలు, తేదీలు, చీటీలు జాగ్రత్త చేసి, ముందు పెద్దమనుషుల ద్వారా, తర్వాత నోటీసు ద్వారా అడగండి. పందెం బాకీ అంటూ ఎవరైనా వస్తే, అదే చట్టం 30వ సెక్షన్ ప్రకారం అలాంటి బాకీ కోర్టులో వసూలు కాదు. కానీ దానికోసం ప్రోనోటు రాసిచ్చి ఉంటే చిక్కవుతుంది, లాయరుకి చూపించండి.

కట్టేయడం తప్ప దారి లేదా అన్నారు. ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అతను బాగున్నప్పుడు ఒక తెల్లకాగితం మీద సంతకం పెట్టి, తన తరఫున మాట్లాడే మనిషిని నామినేట్ చేసుకోవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు కూడా. అది అమ్మా, మరదలా, మీరా అన్నది అతని ఇష్టం. చికిత్స బాగా అవసరమై, తనకో ఇతరులకో ప్రమాదం ఉండి, అతను ఒప్పుకోని స్థితిలో ఉంటే, ఆ ప్రతినిధి దరఖాస్తు మీద ఇద్దరు నిపుణులు వేర్వేరుగా పరీక్షించి 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఇది 89వ సెక్షన్. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఎక్కడ చేరతాడో ఆ కాగితంలోనే రాసుకోనివ్వండి. తీసుకెళ్లే రోజు అతనికి నమ్మకమున్న ఒక్కరే మాట్లాడాలి, చిన్న చిన్న మాటల్లో, వాదించకుండా. "నిద్ర పట్టేందుకు మందు తెచ్చుకుందాం" అంటే చాలామంది బండెక్కుతారు. "నీకు పిచ్చెక్కింది" అంటే ఎవరూ ఎక్కరు. చేయి చేసుకునే పరిస్థితి వస్తే పాపని, పెద్దావిడని బయటికి పంపి 112కి గానీ 108కి గానీ చేయండి.

మరదలి దగ్గరికి వెళ్లండి, కానీ తీసుకురావడానికి కాదు. ఆమె ఒంటరిగా ఏం పడిందో వినడానికి వెళ్లండి. "ఈసారి ఏమీ కాదు" అని మాటివ్వకండి, అది మీ చేతుల్లో లేదు. ఆ కాగితం, క్యాలెండరు, బ్యాంకు ఏర్పాట్లు చూపించండి, మూడు నాలుగు నెలలు అవి నడుస్తాయో లేదో చూసుకుని నిర్ణయించుకోమనండి. ఈలోగా వారానికోసారి పాప వచ్చిపోతుంటే చాలు. ఆమె రానంటే అదీ ఆమె నిర్ణయమే, అత్తింటివాళ్ల మీద పగ అని అనుకోవద్దు. పాపకి "నాన్నకి జబ్బు చేసింది, నీ వల్ల కాదు, మందులు వేసుకుంటున్నారు" అన్న మూడు ముక్కలు ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక్క విషయం మీరు అడగలేదు, నేను చెప్పాల్సి ఉంది. మేనియా దిగాక పోయిన డబ్బు, పోయిన పరువు అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి. అప్పుడు వచ్చే డిప్రెషన్లో ప్రాణభయం ఉంటుంది. మీ తమ్ముడింట్లో గడ్డిమందు, పురుగుమందు డబ్బాలుంటే ఇవాళే ఇంట్లోంచి తీసేయించండి. అవసరమైనప్పుడు కావలసినంతే కొనుక్కోవచ్చు. లిథియం కూడా నెలల తరబడి నిల్వ ఉంచకుండా రెండు మూడు వారాలకి సరిపడా తెచ్చుకోండి. మాట తగ్గి, తిండి మాని, "నావల్ల అందరికీ నష్టమే" అంటుంటే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, తెల్లారేసరికి డాక్టరు దగ్గర ఉండండి. ఈలోగా టెలిమానస్ 14416కి చేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఉచిత సేవ అది, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ కోసం కూడా చేయవచ్చు.